మరకు చలవ, మనిషికి వడదెబ్బ

ఈమధ్య లోకంలోని పెద్దమనుషులకి ఒక కొత్త బెంగ పట్టుకుంది. మనిషి చేసిన మిషను మనిషిని మించిపోతుందట. తనకు తానే ఆలోచిస్తుందట. ఆఖరికి మానవజాతినే లేకుండా చేస్తుందట. ఈ మాట అన్నది పనీపాటా లేనివాళ్లు కాదు. ఆ మిషన్లు తయారుచేసే కంపెనీల పెద్దలే 2023 మే నెలలో సంతకాలు పెట్టి మరీ ప్రకటన చేశారు. మహమ్మారి రోగాలూ, అణుయుద్ధమూ ఎంత ప్రమాదమో, ఈ కృత్రిమ మేధ (ఏఐ అంటున్నారే, అదే) వల్ల మానవాళి అంతరించే ప్రమాదాన్నీ అంతగా పట్టించుకోవాలని దాని సారాంశం. సంతకం పెట్టిన చేత్తోనే మళ్లీ అదే మిషను అమ్మకానికి పెట్టుకు కూర్చున్నారు. అది వేరే సంగతి.

ఇక సినిమాలవాళ్లూ, నవలలవాళ్లూ, టీవీల్లో చర్చలు చేసేవాళ్లూ దీనికి రంగులద్దుతున్నారు. ముందు ముందు భూమి ఎండకి మాడిపోతుంది, సముద్రం ఊళ్ల మీదికొస్తుంది, తాగడానికి నీళ్లుండవు, మిగిలిన గుప్పెడుమంది మనుషులు ఒకపక్క, తెలివి మీరిన మిషన్లు ఒకపక్క. అప్పుడు మానవాళి గతి ఏంటి? అని వాళ్ల ప్రశ్న.

మేం ఎదురు ప్రశ్న వేస్తున్నాం. మానవాళి అంటే ఎవరు? అందులో మా పేరు ఎప్పుడు రాసుకున్నారు?

ఊరి బావిలో చేద వేస్తే బావి మైలపడిందన్నప్పుడు మేం మానవాళిలో లేం. హోటల్లో రెండో గ్లాసు పెట్టినప్పుడు లేం. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో తరిమి తరిమి నరికినప్పుడు లేం. ఇప్పుడు మిషనుకి భయపడాల్సి వచ్చేసరికి మాత్రం "మనమంతా మనుషులం, మనమంతా ఒకటి" అంటున్నారు. బాగానే ఉంది. ఒకటే అయితే ముందు లెక్కలు తేల్చుకుందాం. ఎవడు ఎండలో ఉన్నాడు, ఎవడు నీడలో ఉన్నాడు, నీడలోనివాడి మిషను కోసం ఎండలోనివాడి నీళ్లు ఎన్ని పోతున్నాయి, ఈ లెక్క తేలకుండా మానవాళి మాట ఎత్తొద్దు.

మాడిపోయిన భూమి అనేది ముందెప్పుడో రాబోయే కథ కాదు. మా వాడల్లోకి అది ఎప్పుడో వచ్చేసింది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకి చనిపోయినవాళ్లు సర్కారు ఒప్పుకున్న లెక్కలోనే 1,900 మందికి పైగా. ఆంధ్రలో 1,369 మంది, తెలంగాణలో 541 మంది. ఎవరు వాళ్లు? ఏసీ కారులో పోయేవాడికి వడదెబ్బ తగలదు. పగలంతా పడుకుని సాయంత్రం అరుగు మీదికొచ్చే ఆసామికి తగలదు. చెరువు మట్టి తవ్వేవాళ్లు, రోడ్డు మీద తారు పోసేవాళ్లు, ఇటుక బట్టీల్లో ఉన్నవాళ్లు, మిరప కోతకి పోయినవాళ్లు, గొర్రెల వెంట తిరిగేవాళ్లు, ఇంట్లో రేకు కింద పడుకున్న ముసలీముతకా. చచ్చినవాళ్ల కులాల లెక్క ఏ సర్కారూ వేయలేదు. వేయకపోయినా ఊళ్లో అందరికీ తెలుసు.

ఎండే కాదు, నీళ్లదీ అదే కథ. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో వేలకి వేలు మునిగి చచ్చారు. పల్లంలో గుడిసెలున్నవాళ్లు కొట్టుకుపోయారు, మెరక మీద డాబాలున్నవాళ్లు బతికి బట్టకట్టారు. పల్లానికి కులముంది, మెరకకి కులముంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి మునిగినప్పుడు చూశాం కదా. బుడమేరు దారిలో ఇల్లు కట్టుకోవాల్సిన ఖర్మ ఎవరికి పట్టింది? పట్నంలో సెంటు భూమి కొనలేనివాడికి. ఆ వరదలో పైనించి డ్రోన్లతో తిండి పొట్లాలు జారవిడిచారు. గొప్ప విజ్ఞానం అని ఫోటోలు వేసుకున్నారు. పొట్లం అందుకున్నవాడు కాదనడు, ఆకలేస్తే ఎవరైనా అందుకుంటారు. కానీ ఆకాశం నించి పొట్లం వేయగలిగిన తెలివికి, ఆ కుటుంబానికి మెరక మీద రెండు సెంట్ల స్థలం ఇవ్వడం మాత్రం చేతకాదా?

వడదెబ్బ చావుకి ఇంకో బాధ ఉంది. చచ్చాడని రుజువు చేసుకోవాలి. తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ కలిసి "ఇది ఎండ వల్ల చావే" అని తేల్చాలి. పోస్టుమార్టం కావాలి. మనోళ్లేం చేస్తారు? కూలికి పోయినవాడు మధ్యాహ్నం కుప్పకూలితే ఇంటికి మోసుకొస్తారు, మజ్జిగ పోస్తారు, పొద్దుగూకేసరికి ప్రాణం పోతుంది, మర్నాడు పొద్దున్నే మట్టి చేసేస్తారు. శవాన్ని కోయించడానికి మనసు ఒప్పదు, ఆస్పత్రికి తీసుకుపోడానికి ఆటో డబ్బులుండవు. అంతే, వాడు లెక్కలో లేడు. 2025 ఏప్రిల్లో తెలంగాణ సర్కారు వడగాడ్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాడి కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. కాగితం ఉన్నవాడికే ఆ 4 లక్షలు. లేనివాడిది మామూలు చావు.

ఇప్పుడు మిషను సంగతికొద్దాం.

ఏఐ అంటే ఎక్కడో గాలిలో, మేఘంలో ఉంటుందని చదువుకున్న పిల్లలు చెప్తారు. గాలిలో ఏమీ ఉండదు. అది నేల మీదే ఉంటుంది, ఎకరాలకి ఎకరాల షెడ్లలో ఉంటుంది. వరసగా బీరువాల్లాంటి మిషన్లు పెట్టి రాత్రింబవళ్లు నడిపిస్తారు. వాటిని డేటా సెంటర్లు అంటారు. నడిచేకొద్దీ అవి కాగుతాయి. కాగితే పాడైపోతాయి. అందుకని వాటిని చల్లబరచాలి. చల్లబరచడానికి మళ్లీ కరెంటు, చాలాచోట్ల నీళ్లు. అంటే మిషనుకి కూడా వడదెబ్బ ఉంది. తేడా ఏంటంటే దానికి వడదెబ్బ తగలకుండా చూసుకోవడానికి వేల కోట్లు ఖర్చు పెడతారు.

ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 2024లో 41,500 కోట్ల యూనిట్ల కరెంటు తాగాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. 2030 నాటికి ఇది రెండింతలు దాటుతుందని దాని అంచనా. ఆ కరెంటులో చాలా భాగం ఇవాళ్టికీ బొగ్గు, గ్యాసు కాల్చి తీస్తున్నదే. బొగ్గు కాలితే పొగ, పొగతో భూమి వేడెక్కడం. గూగుల్ కంపెనీ తన లెక్క తానే చెప్పుకుంది: 2019తో పోలిస్తే 2023 నాటికి దాని కాలుష్య వాయువులు 48 శాతం పెరిగాయి. పెరగడానికి ముఖ్య కారణాల్లో ఈ డేటా సెంటర్ల కరెంటు ఒకటని కూడా ఒప్పుకుంది. 2024 సంవత్సరం మనిషి లెక్కలు రాయడం మొదలుపెట్టాక అన్నిటికన్నా వేడి సంవత్సరం. మిషను చల్లగా ఉండాలంటే భూమి కాగాలి, భూమి కాగితే ముందు కాలేది భూమి మీద చెప్పుల్లేకుండా నడిచేవాడి కాళ్లు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆ మిషను ఇప్పుడు మన ఇంటి ముందుకే వచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ కంపెనీ విశాఖలో ఏఐ కేంద్రం పెడతామని ఒప్పందం చేసుకుంది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతారట, ఒక గిగావాట్ సామర్థ్యమట. ఆనందపురం మండలం తర్లువాడ, అడవివరం, అటు రాంబిల్లి, ఈ మూడుచోట్లా భూములు చూపించారు. భూమి ధరలో రాయితీ, నీటి చార్జీలో రాయితీ, కరెంటులో రాయితీ. పత్రికలు పండగ చేసుకున్నాయి.

గిగావాట్ అంటే ఎంతో మన భాషలో లెక్కేద్దాం. అది పూర్తిగా నడిస్తే రోజుకి 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. ఎస్సీ కాలనీల్లో ఇంటికి నెలకి 200 యూనిట్లు ఉచితం అని ఊరూరా చెప్పుకుంటారే, ఆ మీటరు ఒక్క యూనిట్ దాటితే లైన్‌మన్ ఫీజు పీకుతానంటాడే, అలాంటి ఇళ్లు 36 లక్షలు ఎంత కరెంటు వాడతాయో అంత. 36 లక్షల ఇళ్లకి ఇస్తే దాన్ని ఉచితాలు, సోమరితనం, ఖజానాకి చిల్లు అంటారు. ఒక్క కంపెనీకి రాయితీలో ఇస్తే దాన్ని అభివృద్ధి అంటారు.

నీళ్లదీ లెక్కేద్దాం. 2023లో ఆ కంపెనీ డేటా సెంటర్లు ప్రపంచమంతా కలిపి వాడిన నీళ్లు దగ్గర దగ్గర 2,300 కోట్ల లీటర్లు. మన జల జీవన్ పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలని రాసుకున్నారు. ఆ లెక్కన 11 లక్షల మందికి ఏడాది పొడుగునా సరిపోయే నీళ్లవి. విశాఖ పట్నానికే తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలవ నించి నీళ్లు తెస్తేగానీ గడవదు. రైవాడ నీళ్లు పొలాలకా పట్నానికా అని రైతులకీ పట్నానికీ తగువు ఈనాటిది కాదు. ఈ తగువులోకి ఇప్పుడు మూడో వాటాదారు దిగుతున్నాడు. వాడికి ఏ చెరువు నించి, రోజుకి ఎన్ని లీటర్లు ఇస్తారు? వేసవిలో నీళ్లు తగ్గితే ముందు ఎవరికి కోత పెడతారు, మిషనుకా, మనిషికా? ఈ ఒక్క ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబివ్వమనండి. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడు. పశువులు తాగొచ్చుగానీ మనిషి తాగకూడదన్న నీళ్లవి. నూరేళ్లు నిండబోతున్నాయి. పశువు స్థానంలోకి మిషను వస్తోంది, మన స్థానం మాత్రం అదే.

భూమి సంగతి కూడా ఉంది. తర్లువాడలో తీసుకునే భూముల్లో డి-పట్టా భూములున్నాయి. డి-పట్టా అంటే ఏంటో మన పాఠకులకి చెప్పక్కర్లేదు. భూమిలేని పేదోడికి సర్కారు రాసిచ్చిన గుట్టపక్క నేల. 1977లో చట్టం చేసినప్పుడు దాన్ని అమ్ముకోడానికి వీల్లేదు, కొనుక్కోడానికి వీల్లేదు అన్నారు. పేదోడి చేతిలోంచి జారిపోకూడదని ఆ చట్టం చేశారు. ఊళ్లో పెత్తందారు లాక్కుంటే ఆ చట్టం చూపించి కొట్లాడాం. కానీ సర్కారే తీసుకుంటానంటే? కారిడార్ అయినా, సెజ్ అయినా, రాజధాని అయినా, ఇప్పుడు మిషనయినా, సర్కారు కన్ను మొట్టమొదట అసైన్డు భూమి మీదే పడుతుంది. జిరాయితీ భూమి జోలికి పోతే పెద్దకులాలు రోడ్డెక్కుతాయి, మంత్రులకి బంధువులవుతారు. మనది సర్కారిచ్చిందే కదా, సర్కారు తీసుకుంటే తప్పేంటి అంటారు. నలభై ఏళ్లు రాళ్లేరి, జీడిమొక్క నాటి, నీళ్లు మోసి పెంచినవాడి చెమటకి ఏ సర్వే నంబరూ లేదు.

ఉద్యోగాలొస్తాయి అంటున్నారు. ప్రత్యక్షం, పరోక్షం కలిపి లక్షా 88 వేలని ప్రభుత్వం చెప్తోంది. పరోక్షం ఎన్ని, ప్రత్యక్షం ఎన్ని విడదీసి చెప్పమనండి. మనుషులు తక్కువ, మిషన్లు ఎక్కువ ఉండే షెడ్డు అది. పైగా ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. భూమి ఇచ్చేటప్పుడు సర్కారు భూమి, కరెంటు ఇచ్చేటప్పుడు సర్కారు కరెంటు, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ప్రైవేటు! మన పిల్లలకి అందులో ఏం మిగులుతుంది? గేటు కాపలా, తుడిచే పని, గడ్డి కోసే పని. అదీ కాంట్రాక్టరు కింద.

ఇదంతా ఆ మిషను తినే తిండి గురించి. అది మన మీద చేసే పెత్తనం ఇంకోటుంది.

1984లో మునసబు కరణాల వ్యవస్థ రద్దయింది. కరణం పీడ వదిలిందని మన పెద్దోళ్లు సంబరపడ్డారు. కరణం ఏం చేసేవాడు? లెక్క రాసేవాడు. వాడి లెక్కే లెక్క. నీ భూమి నీది కాదని రాస్తే కాదంతే. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. ఆ కరణం చచ్చిపోలేదన్నా, మిషనులో దూరాడు. తెలంగాణలో "సమగ్ర వేదిక" అని ఒక కంప్యూటరు ఏర్పాటు పెట్టారు. ఎక్కడెక్కడి లెక్కలన్నీ కలిపి, పేరూ అడ్రసూ పోల్చి, వీడికి కారుంది, వీడికి ఇల్లుంది, వీడు పేదోడు కాదు అని అదే తేలుస్తుంది. పేరు దగ్గర దగ్గరగా ఉంటే ఒకడి కారు ఇంకొకడి ఖాతాలో పడుతుంది. మన వాడల్లో ఒక్క వీధిలో ఎంతమంది ఎల్లయ్యలు, ఎంతమంది మరియమ్మలు! ఇంటికొచ్చి చూసినవాడు లేడు, నోటీసిచ్చినవాడు లేడు. తెలంగాణలో ఇలా రద్దయిన రేషన్ కార్డులు సుమారు 19 లక్షలని కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, ఇంటింటికీ పోయి మళ్లీ చూడండని కోర్టు 2022 ఏప్రిల్లో చెప్పాల్సి వచ్చింది. మళ్లీ పెట్టుకున్న దరఖాస్తుల్లో ఆ జులై నాటికి 2 లక్షల చిల్లర చూస్తేనే 15 వేలకి పైగా కుటుంబాలు అర్హులని తేలింది. అన్నేళ్లు వాళ్లు తినకుండా పోయిన బియ్యం ఎవరిస్తారు? కరణాన్నయితే బజార్లో నిలదీయొచ్చు. మిషనుని ఎక్కడ నిలదీస్తావు? మీసేవలో కూర్చున్న కుర్రాడు "సిస్టంలో అలా చూపిస్తోంది" అంటాడు, అంతే.

ఉపాధి పని కూడా చూడండి. 2023 జనవరి 1 నించి పనికాడ రెండు పూటలా ఫోన్లో ఫోటో తీసి పంపితేనే హాజరు. వేసవిలో మనోళ్లు తెల్లారుజామునే పోయి ఎండ ముదరకముందే కొలత పూర్తి చేస్తారు. అది వాళ్ల తెలివి, ఏ వాతావరణ శాఖా నేర్పింది కాదు. కానీ మొదటి ఫోటోకీ రెండో ఫోటోకీ మధ్య నాలుగ్గంటలుండాలన్నారు. పని అయిపోయినా ఫోటో కోసం చెట్టు లేని చోట కూర్చోవాలి. సిగ్నల్ లేకపోతే ఆ రోజు కూలి గాల్లో కలిసినట్టే. పోనీ దొంగలైనా ఆగారా అంటే అదీ లేదు. ఫోటోకి ఫోటో తీసి పంపుతున్నారని, సంబంధంలేని ఫోటోలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర శాఖే సర్క్యులర్ రాసింది. దొంగ మస్టర్లు రాసేవాడికి మిషను అడ్డం రాలేదు, పార పట్టినవాడికి అడ్డమొచ్చింది. 2025 డిసెంబరులో పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. వేలిముద్రలు, ముఖాల గుర్తింపు, మోసాలు పట్టడానికి ఏఐ, ఇవన్నీ ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. నాట్లకీ కోతలకీ 60 రోజుల దాకా పని ఆపుకోవచ్చని కూడా అందులోనే ఉంది. మన కూలి రేటు పెరగకుండా ఆసాములకి చేసిన ఉపకారం అది, దాని గురించి మరోసారి రాస్తాం. మోసం పట్టే మిషను కూలోడి మొహం మీదే ఎందుకు పెడతారు? కాంట్రాక్టరు బిల్లు మీద పెట్టరేం?

ఇంతకీ ఈ మిషనుకి తెలివి ఎక్కణ్నించి వచ్చింది? మనుషులు రాసిందంతా చదివి నేర్చుకుంది. మన దేశంలో వెయ్యేళ్లుగా రాసింది ఎవరు? రాయనివ్వనిది ఎవర్ని? అక్షరం వింటే చెవిలో సీసం పోయమన్న దేశంలో మిగిలిన రాతంతా ఎవరిదై ఉంటుందో అదే దాని బుర్రలోకి పోయింది. 2025లో ఒక అమెరికా పత్రికవాళ్లు పరీక్ష పెట్టి చూశారు. తెలివైనవాడు ఎవరు, మురుగు కాలవ శుభ్రం చేసేవాడు ఎవరు అని ఖాళీలు పూరించమంటే, తెలివికి బ్రాహ్మణుణ్ని, మురుగుకి దళితుణ్ని పెట్టిందా మిషను. అమెరికాలో పుట్టింది, సముద్రాలు దాటొచ్చింది, దానికి కూడా మన వాడ ఎటుందో తెలుసు!

ఇలా అన్నామని మిషన్లు వద్దు, ఎడ్లబండే ముద్దు అనేవాళ్లలో మమ్మల్ని కలపొద్దు. ఆ పాట పాడేవాళ్లున్నారు. భూమాతకి కోపమొచ్చింది, పాత పల్లె జీవితానికి పోదాం, రాట్నం తిప్పుకుందాం అంటారు. ఆ పాత పల్లెలో వాళ్లు ఏ వీధిలో ఉండేవాళ్లో, మేం ఎక్కడ ఉండేవాళ్లమో మాకు గుర్తుంది. చచ్చిన గొడ్డుని మోసింది మేం. ఆ పల్లెకి మేం తిరిగిపోం. 1945లో గాంధీ కాంగ్రెసు మీద రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ ఈ సంగతి తేల్చి చెప్పాడు. యంత్రం లేకపోతే మనిషికి తీరిక లేదు, తీరిక లేకపోతే చదువూ సంస్కారమూ లేవు, గొడ్డులా బతకడమే. చెడు యంత్రంలో లేదు, దాని ఫలం ఎవరికి పోతుందో నిర్ణయించే సమాజంలో ఉంది. ఎనభై ఏళ్ల కిందటి మాట. ఈ ఏఐకి కూడా సరిగ్గా సరిపోతుంది.

మాకు మిషను మీద కోపం లేదు. అది మా దగ్గరికి రావాల్సిన చోటికి రావడం లేదని కోపం. ఏఐ వచ్చి అందరి ఉద్యోగాలూ లాక్కుంటుందని చదువుకున్న కులాలు గుండెలు బాదుకుంటున్నాయి. అయ్యా, మా ఉద్యోగం ఒకటుంది, దాన్ని లాక్కోమని డెబ్బయ్యేళ్లుగా మొత్తుకుంటున్నాం. మ్యాన్‌హోల్‌లోకి దిగే పని. దీన్ని ఆపడానికి 1993లో చట్టం చేశారు, 2013లో ఇంకో చట్టం చేశారు. 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో మళ్లీ చెప్పి చచ్చినవాడికి ఇచ్చే పరిహారం 30 లక్షలకి పెంచింది. అదే 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఈ దేశం మిషను దింపింది. మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్ల దూరం మిషను పోయింది. పదిహేనడుగుల గుంతలోకి ఇంకా మనిషే పోతున్నాడు. మిషన్లు లేక కాదు. హైదరాబాదులో 2017లో ఇరుకు సందుల్లోకి పోయే చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చి, వాటిని దళిత యువకుల పేరనే పెట్టించారు. కేరళ కుర్రాళ్లు గుంతలోకి దిగే రోబోనే తయారుచేశారు. అయినా ఊరూరికీ ఎందుకు రాదు? మనిషి ఖర్చు మిషను ఖర్చుకన్నా తక్కువ కాబట్టి. ఆ మనిషి ఫలానా కులంవాడు కాబట్టి ఖర్చు తక్కువ.

ఎండ విషయంలోనూ ఇదే. మిషను చేతనైన మేలు చాలా ఉంది. 2025లో ఏఐతో వానల జోస్యం చెప్పించి 3 కోట్ల 80 లక్షల మంది రైతులకి ఫోన్లో పంపామని కేంద్ర వ్యవసాయ శాఖ చెప్పింది. మంచి పనే. మరి పట్టా లేని కౌలుదారుకి పంపారా? విత్తనం ఎప్పుడు వేయాలో ఆసామికి చెప్పే మిషను, రేపు ఎండ 45 దాటుతుంది పనికి పోవద్దని కూలోడికి చెప్తే ఏం పోయింది? చెప్పడం ఒక్కటే చాలదు. కూలి లేకుండా పనికి పోవద్దంటే పస్తు పడుకోమన్నట్టే. గుజరాత్‌లో సేవ అనే ఆడవాళ్ల సంఘం ఒక ఏర్పాటు చేసింది. ఎండ ఫలానా డిగ్రీ దాటిందంటే, ఎవరి సంతకమూ అక్కర్లేకుండా, మూడు నాలుగు వందల రూపాయలు నేరుగా ఆడకూలీ ఖాతాలో పడతాయి. 2024 వేసవిలో కొన్ని రాష్ట్రాల్లో దాదాపు 50 వేలమందికి అలా పడ్డాయి. చిన్న మొత్తమే, మేం దాన్ని గొప్పగా చెప్పడం లేదు. కానీ చూడండి, లెక్కలు కట్టే మిషను ఒక్కటే. కార్డు కోసేయడానికీ అదే పనికొచ్చింది, కూలి వేయడానికీ అదే పనికొచ్చింది. సంఘం చేతిలో ఉందా, సర్కారు చేతిలో ఉందా, కంపెనీ చేతిలో ఉందా అన్నదగ్గరే తేడా.

అందుకే మన సంఘాలు ఏప్రిల్ 14 జయంతులకి దండలూ మైకులూ చూసుకుంటూనే కొన్ని పనులు చేతిలోకి తీసుకోవాలి. బాబాసాహెబ్ పుట్టినరోజు ఎండలు ముదిరే రోజుల్లోనే వస్తుంది. ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. మార్చి నించి జూన్ దాకా వాడలో ఎవరు చనిపోయినా పేరు, వయసు, కులం, ఏ పనికి పోయి ఎక్కడ పడిపోయారు, ఎన్ని గంటలకి, ఎవరి పొలంలో, అన్నీ రాయండి. ఎండలో పడి చనిపోతే మట్టి చేయకముందే తహసీల్దారు ఆఫీసుకి రాతపూర్వకంగా కబురు పెట్టండి, పోస్టుమార్టం అడగండి. ఇంటివాళ్లు ఏడుస్తారు, వద్దంటారు. పక్కన కూర్చుని చెప్పండి, మన లెక్క మనం రాయకపోతే ఇంకెవరూ రాయరని.

రేషను కార్డు, పింఛను, జాబ్ కార్డు పోయినవాళ్ల దగ్గర "సిస్టం"లో ఏ కారణం చూపిస్తోందో ప్రింటు తీయించి దాచండి. మీసేవ కుర్రాడు ఇవ్వనంటే సమాచార హక్కు కింద అడగండి. ఏ మిషను, ఏ లెక్కతో, ఎవరి సంతకం మీద కొట్టేసిందో కాగితం మీద రావాలి. మిషను చేసినదానికి సంతకం పెట్టే అధికారి ఒకడు ఉండాలి, వాడి పేరు ఊళ్లో తెలియాలి.

ఇక తర్లువాడ వైపు ఊళ్లవాళ్లకి. భూమి పోయేవాళ్లతోపాటు ఆ భూమిలో కూలి చేసుకునేవాళ్లూ ఉన్నారు. 2013 భూసేకరణ చట్టంలో వాళ్లకీ హక్కుంది, కానీ జాబితాలో పేరెక్కితేనే. ఆ జాబితా ఎవరు రాస్తున్నారు, అందులో ఎవరి పేర్లున్నాయి, గ్రామసభలో అందరి ముందూ పెద్దగా చదివించండి. నీళ్లు ఏ చెరువు నించి, రోజుకి ఎన్ని లీటర్లు, వేసవిలో ముందు కోత ఎవరికి అని అదే సభలో అడిగి, చెప్పిన జవాబుని తీర్మానాల పుస్తకంలో రాయించండి. జవాబు చెప్పకపోతే, చెప్పలేదని రాయించండి. ఆ కాగితం నకలు మాకు పంపండి, ఇక్కడే అచ్చేస్తాం.